పరగడుపున తీసిన మట్టి

శుక్రవారం పొద్దున్న సీసాల మాస్టారు వేసుకున్న లెక్క ప్రకారం ఆ రోజుకు మూడే పనులు. ల్యాబుకు వెళ్ళాలి, సాయంత్రం వస్తూ వస్తూ రెండు సైకిలు టైర్లు తేవాలి, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. మొదటిది ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నదే. మూడోదానిలో ఆయనకు మంచి ప్రావీణ్యం ఉంది. మధ్యలో ఉన్న టైర్లే ఆయన కొంప ముంచాయి.

మాస్టారని పేరే గానీ ఆయన ఎవరికీ పాఠాలు చెప్పలేదు. రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. వచ్చినవాళ్ళ దగ్గర నమూనా తీసుకుంటారు, సీసాలో పోస్తారు, డాక్టరు రాసిచ్చిన చీటీని ఆ సీసాకు జిగురు పెట్టి అతికిస్తారు, ఆ తర్వాత రిపోర్టు ఇస్తారు. ఇన్నేళ్ళలో ఒక్క సీసా తారుమారు కాలేదు. నమూనా చూడనిదే ఆయన ఏ సంగతి మీదా నోరు విప్పరు. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య అడిగినా, ఇంకో చెంచా వేస్తే గానీ చెప్పలేనంటారు.

భార్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఊళ్ళో మేడలున్న వాళ్ళందరికీ ఆవిడ లిఫ్టమ్మ. వారమంతా పైకీ కిందికీ తిరిగే మనిషి కాబట్టి, ఆదివారం కేవలం కిందికి పోవడం ఆవిడకు విశ్రాంతి. ఊరి చివర కొండ కొమ్ము నుంచి రాళ్ళూ వేర్లూ మలుపులూ దాటుకుంటూ సైకిలు మీద దూసుకొచ్చేస్తుంది. దాన్ని డౌన్‌హిల్ అంటారు. ఏటా అక్కడ ఒక రేసు జరుగుతుంది; ఒకరి తర్వాత ఒకరు దిగుతారు, తక్కువ సమయంలో దిగినవాళ్ళదే గెలుపు. మూడేళ్ళుగా లిఫ్టమ్మది రెండో స్థానం. మొదటి స్థానం మూడుసార్లూ పక్క వీధి పొడుగమ్మాయిదే.

నిరుడు గెలవాల్సింది. రేసు ముందు రోజు మాస్టారు ప్రేమ కొద్దీ టైర్లలో నాలుగు పంపులు గాలి ఎక్కువ కొట్టారు. చివరి మలుపులో గట్టిపడిన టైరు బంతిలా ఎగిరి లిఫ్టమ్మను పొదలో కూర్చోబెట్టింది. లేచి కిందికి వచ్చేసరికి మళ్ళీ రెండో స్థానమే. ఆ సంగతి ఆవిడ ఏడాది పొడుగునా ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే ఆయనకు కాస్త హాయిగా ఉండేది.

అందుకే ఆ పొద్దున్న బల్ల మీద ఆవిడ వదిలి వెళ్ళిన చీటీ చూసి ఆయన గుండె నిండింది. ల్యాబు పేరున్న చిన్న కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. "డౌన్‌హిల్ టైర్లు రెండు. ముందుకొకటి, వెనక్కొకటి. ఈసారి ఆదివారం రేసు పొద్దున్న ఏడింటికి కాదు, ముఖ్య అతిథికి కుదరక మధ్యాహ్నం పన్నెండింటికి మార్చారు. టైర్ల భారం మీదే." చివరి మాట కాగితం అడుగు అంచుకు ఆనుకుని ఉంది. మాస్టారు మూడుసార్లు చదువుకున్నారు. భారం మీదే అంటే ఎంపిక మీదే అని అర్థం, ఎంపిక మీదే అంటే నిరుటి తప్పు మాఫ్ అని అర్థం. ఆవిడను అడుగుదామంటే అప్పటికే ఏదో మేడలో రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టు కోసం వెళ్ళిపోయింది. లిఫ్టు గుంతలో ఫోను పనిచేయదు.

సాయంత్రం టైర్ల దుకాణానికి వెళ్ళి "రెండు డౌన్‌హిల్ టైర్లివ్వండి" అన్నారు. దుకాణం పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. పొట్టి పళ్ళవా, పొడవు పళ్ళవా? టైరు మీద మిట్టల్నే పళ్ళంటారట. మెత్తటి రబ్బరా, గట్టి రబ్బరా? మెత్తదైతే పట్టు ఎక్కువ, అరుగుదలా ఎక్కువ. ముందుకీ వెనక్కీ ఒకటేనా, వేరు వేరా? టైరు పక్క గోడ మందమా, పలచనా? మనిషి బరువెంత? మాస్టారు ఒక్క బరువుకే జవాబు చెప్పగలిగారు, అదీ పొరపాటున తన బరువు చెప్పారు.

గోడ నిండా టైర్లు వేలాడుతున్నాయి. ఆయనకు అన్నీ ఒకేలా నల్లగా, గుండ్రంగా కనిపించాయి. ఒకదాన్ని ఎంచుకుని బొటనవేలితో నొక్కి, వాసన చూసి, మళ్ళీ తగిలించారు. చివరికి ఓడిపోయి, మీరే ఏదో ఒకటి చెప్పండన్నారు.

"నేల చూడకుండా టైరు చెప్పను. ముప్పై ఏళ్ళ నుంచి ఇదే నా పద్ధతి. తడి నేలకు పొడవు పళ్ళు, పొడి నేలకు పొట్టి పళ్ళు. అక్కడి మట్టి ఎలా ఉందో చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు పెద్దాయన.

మాస్టారికి ఒళ్ళు పులకరించింది. నమూనా లేనిదే మాట్లాడని మనిషి ఈ లోకంలో ఇంకొకడున్నాడు. "రేపు రిపోర్టుతో వస్తాను" అని చేతులు కలిపి బయటపడ్డారు. ఇంటికొచ్చాక లిఫ్టమ్మ చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ, చీటీ చూశారుగా అని అడిగింది. చూశాను, రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటాయన్నారాయన. సరకు రేపు వస్తుంది కాబోలని ఆవిడ అనుకుంది. ఇద్దరూ తృప్తిగా కాఫీ తాగారు.

శనివారం తెల్లవారగానే మాస్టారు కొండెక్కారు. సంచిలో పన్నెండు సీసాలు, ఒక చెంచా, జిగురు డబ్బా, చేతులకు రబ్బరు తొడుగులు. అటునుంచి అటే డ్యూటీకి వెళ్ళాలి కాబట్టి ఒంటి మీద తెల్లకోటు. నమూనా ఎప్పుడైనా పొద్దున్నే, పరగడుపునే తీయాలన్నది ల్యాబులో మొదటి సూత్రం. కొండను పరగడుపున ఉండమని చెప్పడం కుదరదు గనక తానే ఏమీ తినకుండా వచ్చారు. ఒక్కో మలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చెంచాతో మట్టి తీసి, సీసాలో వేసి, మూత బిగించి, ఏ మలుపో కాగితం మీద రాసి అతికించారు. మొదటి సీసాకు మాత్రం పద్ధతి ప్రకారం లిఫ్టమ్మ చీటీయే అంటించారు. డాక్టరు రాసినా భార్య రాసినా చీటీ చీటీయే. గట్టిగా వేలితో అదిమి, ముడత లేకుండా అతికించారు.

మట్టి బాగా తడిగా ఉంది. రాత్రి కురిసిన మంచు మొత్తం నేలలోకి ఇంకి, చెంచాకు జిగురులా పట్టుకుంటోంది. ఆయన ఏడో మలుపులో ఉండగా పైనుంచి సైకిలు మీద ఒకరు దూసుకొచ్చి బ్రేకు వేశారు. పొడుగమ్మాయి. ప్రాక్టీసుకు పొద్దున్న ఎనిమిది దాకానే అనుమతి. తెల్లకోటు వేసుకుని బాటలో మోకరిల్లి ఉన్న మనిషిని చూసి ఆ పిల్ల నివ్వెరపోయింది.

"ఏమైంది మాస్టారూ? ఏం చూస్తున్నారు?"

ఆ ప్రశ్న ల్యాబులో రోజుకు నలభై మంది అడుగుతారు. జవాబు నాలుక మీద సిద్ధంగానే ఉంటుంది. "రిపోర్టు వచ్చేదాకా ఏమీ చెప్పకూడదమ్మా. మధ్యాహ్నం రెండింటికి వచ్చి తీసుకో" అనేశారు.

అన్నాక గానీ ఏమన్నారో ఆయనకు తెలియలేదు. అప్పటికి పొడుగమ్మాయి రెండు మలుపులు దాటిపోయింది. లిఫ్టమ్మ మొగుడు ఏకంగా కొండకే పరీక్ష చేయిస్తున్నాడన్న వార్త పది గంటలకల్లా పోటీదారులందరికీ చేరింది.

మధ్యాహ్నం రెండింటికి ల్యాబు ముందు హెల్మెట్లు పట్టుకుని పదకొండు మంది నిలబడ్డారు. కౌంటరులో కూర్చునే ఆవిడ ఎవరేమిటని అడగదు. వచ్చినవాళ్ళకు టోకెను ఇస్తుంది, టోకెను ఉన్నవాళ్ళకు రిపోర్టు ఇస్తుంది, అదే ఆవిడ పద్ధతి. అందరికీ టోకెన్లు ఇచ్చి, లోపల మాస్టారి బల్ల మీద ఉన్న రిపోర్టు చిత్తుప్రతికి పదకొండు నకళ్ళు తీసి పంచేసింది. ఆ కాగితంలో ఇలా ఉంది. తేమ: ఎక్కువ. జిగురు: ఉంది. రాళ్ళు: మూడు, ఎనిమిది మలుపుల్లో. అభిప్రాయం: పొడవు పళ్ళు.

కొందరు నమ్మి దుకాణానికి పరిగెత్తారు. కొందరు, మట్టిని సీసాలో పెట్టి చెప్పేదేమిటి, రేపటి సంగతి రేపు చూద్దామనుకుని ఇంటికి పోయారు. మాస్టారికి ఇదేమీ తెలియదు. ఆయన లోపల పెద్ద డాక్టరుగారి గది ముందు నిలబడి ఉన్నారు. డాక్టరు సంతకం లేని రిపోర్టు ఆ ల్యాబు గడప దాటకూడదు. నియమం నియమమే. టైర్లు కొనాలన్నా సరే, సంతకం పడాల్సిందే.

పెద్ద డాక్టరుగారు కాగితం చదివి, వెలుతురుకేసి సీసా ఎత్తి చూసి, ముఖం గంభీరంగా పెట్టారు.

"ఈ పేషంటు ఎక్కడ?"

"కొండ మీద సార్."

"ఇక్కడికి తీసుకురావచ్చుగా?"

"కుదరదు సార్. కదల్లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

మాస్టారు నిజాయితీగా ఆలోచించారు. "నాకు తెలిసినప్పటి నుంచీ అలాగే ఉంది సార్" అన్నారు.

డాక్టరుగారు ఇంకో ప్రశ్న వేయలేదు. సంతకం చేసి, కింద "వెంటనే ఆసుపత్రిలో చేర్చవలెను" అని రాసి, ఫోను తీసి అంబులెన్సును కొండకు పంపించారు. మాస్టారు ఏదో చెప్పబోయారు గానీ, మాట నోట్లో ఉండగానే డాక్టరుగారు తలుపు దాటి వెళ్ళిపోయారు. మాస్టారు చేతిలో కాగితం పట్టుకుని, కొండను ఏ వార్డులో చేర్చుకుంటారో ఊహించుకోలేక చాలాసేపు అక్కడే ఉండిపోయారు.

కూత వేసుకుంటూ కొండ ఎక్కిన అంబులెన్సు, కదల్లేని మనిషి కోసం అటూ ఇటూ తిరిగి, ఎవరూ దొరక్క దిగిపోయింది. దాన్ని ఊరంతా చూసింది. తడి మట్టిలో ఎవరో జారి పడ్డారన్న మాట పుట్టింది. మాస్టారి రిపోర్టు అక్షరాలా నిజమని తేలిపోయింది. నమ్మని వాళ్ళు కూడా టైర్ల దుకాణం మీద పడ్డారు.

అయిదింటికి మాస్టారు సంతకం పడిన రిపోర్టుతో దుకాణానికి చేరేసరికి గోడ బోసిగా ఉంది. పెద్దాయన రిపోర్టు అందుకుని భక్తిగా చదివి, కళ్ళకు అద్దుకున్నంత పని చేశాడు. "అద్భుతంగా రాశారు. పొడవు పళ్ళే వేయాలి. కానీ ఒక్కటి కూడా లేదు. చివరి జత ఇప్పుడే పోయింది" అన్నాడు.

"మరి ఏమున్నాయి?"

పెద్దాయన కొక్కెం నుంచి దుమ్ము పట్టిన రెండు టైర్లు దించాడు. పొట్టి పళ్ళవి. రెండేళ్ళుగా ఎవరూ వాటి ముఖం చూడలేదట. మాస్టారు వాటిని అటూ ఇటూ తిప్పి చూశారు. అవి తెస్తే తప్పు టైర్లు, తేకపోతే అసలు టైర్లే లేవు. నిరుడు గాలి, ఈ ఏడు టైర్లు. రెండు భుజాలకూ రెండు టైర్లు తగిలించుకుని, ఉరి తాళ్ళు మోస్తున్నవాడిలా ఇంటికి నడిచారు.

లిఫ్టమ్మ టైర్లను తిప్పి చూసి, వేలితో పళ్ళు నొక్కి, బాగున్నాయని తలూపి, వెంటనే చక్రాలకు ఎక్కించడానికి కూర్చుంది. పాపం, ఎంత నమ్మకం, అనుకున్నారు మాస్టారు. అసలు విషయం చెప్పేద్దామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఈల వేసుకుంటూ టైరు బిగిస్తోంది. మూడేళ్ళలో ఆవిడ ఈల వేయడం అదే మొదటిసారి. ఆయన వెనక్కి వచ్చేశారు. గాలి పంపు మాత్రం ముట్టుకోలేదు.

ఆదివారం ఎండ మండిపోయింది. పదకొండున్నరకు కొండ కింద నిలబడిన మాస్టారు బాట వైపు చూస్తే తెల్లటి దుమ్ము లేస్తోంది. నిన్న చెంచాకు అంటుకున్న మట్టి ఇదేనా అని ఆయన కళ్ళు నులుముకున్నారు. పక్కనే నిలబడిన టైర్ల పెద్దాయన చెప్పు కాలితో నేలను తన్ని చూసి, ఆయన వైపు తిరిగాడు.

"ఆ మట్టి ఎప్పుడు తీశారు మీరు?"

"తెల్లవారగానే. పరగడుపున."

"రేసు ఎప్పుడు?"

"పన్నెండింటికి."

పెద్దాయన తలెత్తి ఎండకేసి చూశాడు. మాస్టారి బుర్రలో లెక్క నెమ్మదిగా తిరిగింది. తెల్లవారి తడి మధ్యాహ్నానికి ఉండదు. అంటే తన రిపోర్టు తప్పు. రిపోర్టు తప్పైతే పొడవు పళ్ళు తప్పు. పొడవు పళ్ళు తప్పైతే, తను తెచ్చిన తప్పు టైర్లు... ఇక్కడికి వచ్చేసరికి లెక్క మళ్ళీ మొదటికొచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఒక్క రిపోర్టూ తప్పు పోని మనిషికి తన తప్పే తనను ఆదుకుంటుందా అన్నది ఎంత తిప్పినా అంతుపట్టలేదు. పైకి పరిగెత్తి అందరికీ చెప్పేద్దామనుకున్నారు. సగం కొండ ఎక్కేసరికి మొదటి సైకిలు పక్క నుంచి దూసుకుపోయింది. ఆయన ఒక బండకు ఆనుకుని, ఏటా రేసప్పుడు చేసినట్టే కళ్ళు మూసుకున్నారు.

కళ్ళు మూసుకున్నా చెవులకు వినబడుతుంది కదా. గట్టి నేల మీద పొడవాటి పళ్ళు వంగిపోతూ, పక్కకు జారుతూ, టపటపా కొట్టుకుంటూ ఒక్కో సైకిలూ దిగుతోంది. ప్రతి మలుపులోనూ బ్రేకుల ఏడుపే. ఎవరూ పడలేదు గానీ, పడకుండా ఉండటానికే అందరి సమయమూ అయిపోయింది. పన్నెండో సైకిలు మాత్రం చప్పుడు లేకుండా పోయింది. అంత నిశ్శబ్దం ఆయన జీవితంలో వినలేదు. లిఫ్టమ్మ పడిపోయిందేమోనని కళ్ళు తెరిచారు. కింద జనం ఆవిడను భుజాల మీదికి ఎత్తుకుంటున్నారు. నాలుగో ఏట మొదటి స్థానం. మాస్టారు ఎందుకో తెలియకుండానే ఏడ్చేశారు.

కిందికి వచ్చేసరికి పొడుగమ్మాయి ఎదురొచ్చింది. కోపం లేదు, కళ్ళలో భయం కలిసిన గౌరవం ఉంది.

"మీరు మామూలు మనిషి కాదు మాస్టారూ. తెల్లకోటు, సీసాలు, రిపోర్టు, సంతకం, ఆఖరికి అంబులెన్సు కూడానా? మా అందరి చేతా పొడవు పళ్ళు కొనిపించి, మీరు మాత్రం గుట్టుగా పొట్టివి పట్టుకుపోయారు."

"లేదమ్మా, ఒట్టు. నాకేమీ తెలియదు" అన్నారు మాస్టారు.

"అదీ మీ గొప్పతనమే" అని ఆ పిల్ల నమస్కారం పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆయన ఎంత కాదంటే అంత వినయమనుకున్నారు. కొందరు వచ్చే ఏటికి ఇప్పుడే టోకెను ఇవ్వమన్నారు. లిఫ్టమ్మ తన మెడలో పతకం తీసి ఆయన మెడలో వేసి, టైర్లు తెచ్చింది ఈయనే అని అందరికీ చెప్పింది.

కాదు కాదని పాతికసార్లు చెప్పిన మనిషి, సాయంత్రం ఇంటికి చేరేసరికి కాదనడం మానేశారు. మెట్ల మీద ఎదురైన పొరుగాయనకు మట్టి స్వభావం గురించి పావుగంట చెప్పారు. పై తేమ వేరు, లోపలి గట్టిదనం వేరు, నమూనా చదవడం రావాలన్నారు. తన మాటలు తనకే సబబుగా తోచాయి. ఆ రోజంతా ఆయన అయోమయం లేకుండా గడిపిన పావుగంట అదే.

లోపల లిఫ్టమ్మ సంచిలో సీసాలు చూసి, మట్టి వృథా పోకూడదని ఒక్కొక్కటీ పూలకుండీలో గుమ్మరిస్తోంది. మొదటి సీసా ఖాళీ చేసి, కడగబోయి ఆగిపోయింది.

"ఏవండీ, ఇలా రండి. నా చీటీ దీనికెందుకు అతికించారు?"

"పద్ధతి కదా" అంటూ వెళ్ళారాయన.

ఆవిడ ఖాళీ సీసాను దీపానికి అడ్డంగా పట్టుకుంది. గాజులోంచి చీటీ వెనకవైపు కనిపించింది. అక్కడ కూడా పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. ముందు వైపు చోటు చాలక వెనక రాసిన మిగతా సగం. "మధ్యాహ్నానికి నేల ఎండిపోతుంది. పొట్టి పళ్ళవే తెండి. దుకాణంలో ఎవరేమడిగినా ఈ చీటీ చూపించండి. మీరేమీ ఆలోచించొద్దు."

మాస్టారు చివరి వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నారు. మెడలో పతకం ఉన్నట్టుండి బరువెక్కింది. ఎంపిక తనదనుకున్నారు, తన వంతు మోయడం వరకే. తను మాఫీ అనుకున్నది ఆవిడ జాగ్రత్త మాత్రమే. ఆయన పతకం తీసి బల్ల మీద పెట్టారు.

"వెనక్కి తిప్పి చూడలేదా?" అంది లిఫ్టమ్మ.

"మా చీటీలకు వెనక ఏమీ ఉండదు."

"మరి పొట్టి పళ్ళవి ఎలా తెచ్చారు?"

"అవే మిగిలాయి" అన్నారు, తల దించుకుని.

ఆవిడ సీసా పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయి, పొట్ట పట్టుకుని నవ్వింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. తర్వాత పతకం తీసి తిరిగి ఆయన మెడలో వేసి, సరిగ్గా సర్దింది.

"మీరు తిప్పి చూసి ఉంటే కొండెక్కేవారు కాదు. కొండెక్కకపోతే వాళ్ళంతా మామూలు టైర్లతో వచ్చేవారు. నేను మళ్ళీ రెండో స్థానమే" అని, "నిరుటిది చెల్లిపోయింది. ఇంకెప్పుడూ వెనక్కి తిప్పి చూడకండి" అంది.

అయినా ఆయన మనసు ఊరుకోలేదు. మర్నాటి నుంచి ల్యాబులో ప్రతి చీటీనీ తిప్పి చూశాకే సీసాకు అతికిస్తున్నారు. ఇంతవరకూ ఒక్కదాని వెనకా ఏమీ లేదు.